నిదానంలో బలం
మీ కానుకలతో మన సంఘపు పాత 1489 సీసీ అంబాసిడర్ ఇంజను విప్పించాం. హిందూపురం మెకానిక్ అడిగాడు: "అయ్యగారూ, స్పీడు క్యామ్‌షాఫ్ట్ వేద్దామా, మామూలుదే చాలా?"

నిజం చెప్పాలంటే మా మనసు స్పీడు మీదికే పోయింది. పెనుకొండ దగ్గర హైవే మీద కొత్త కియా కార్లు దాటిపోతుంటే మాకు చిన్నతనంగా ఉండేది.

స్పీడు క్యామ్ వాల్వులను ఎక్కువ ఎత్తుకు, ఎక్కువసేపు తెరుస్తుంది. పరుగులో బలం పెరుగుతుంది. నిదానంలో లాగుడు తగ్గుతుంది, ఆగినచోట ఇంజను కుదురుగా ఉండదు.

మరి ఆ కారు ఎక్కేదెవరు? గుంతల మట్టిదారిలో ధర్మవరం ఆసుపత్రికి పోయే గర్భిణులు, ముసలివాళ్లు. సిగ్గుపడి మామూలుదే వేయించాం.

ప్రియులారా, బలం అడిగే ముందు అది ఎవరి కోసమో అడుగుదాం. ఆమెన్.