ఒన్స్‌మోర్ అడిగే ఊరు

హైదరాబాద్ నుంచి రాత్రి బస్సులో వస్తే తెల్లారేసరికి రెండు గోదావరులు దాటాలి. సిద్ధాంతం దగ్గర వశిష్ఠ, రావులపాలెం దాటగానే గౌతమి. వంతెన దిగితే జొన్నాడ. అక్కడ ఆటో ఎక్కితే కాసేపట్లో ఆలమూరు. పాత లెక్కలో కోనసీమ అంటే ఆ రెండు పాయల మధ్య నేలే. మా ఊరేమో గౌతమికి ఇటు ఒడ్డున ఉంది. 2022లో కొత్త జిల్లా వచ్చాక మేమూ కోనసీమ వాళ్ళమైపోయాం.

ఈసారి వచ్చింది తాతయ్య సంవత్సరీకానికి. బ్యాగులో బట్టలతో పాటు హోంవర్క్ కూడా ఉంది. వీకెండ్స్‌లో ఆన్‌లైన్‌లో ఒక సినిమా క్లాసు చేస్తున్నాను. ఈ వారం విషాద నాటకాల నుంచి వచ్చిన సినిమాలు రెండు చూసి, ఒక్కోదాని మీద ఒక పేజీ రాయాలి. ఒకటి కెన్నెత్ బ్రానా 1996లో తీసిన ‘హామ్లెట్’. షేక్‌స్పియర్ నాటకాన్ని దాదాపు ఏమీ కత్తిరించకుండా తీశాడు. నాలుగు గంటల పైనే. రెండోది మన భాషలోంచి మనమే ఎంచుకోవాలి.

నాలుగు గంటలు ఎవడు చూస్తాడు? బస్సులోనే 1.5 స్పీడులో పెట్టేశాను. మీరైనా అంతేగా!

మిగిలింది ఇంటికొచ్చాక అరుగు మీద కూర్చుని చూస్తుంటే మామ్మ పక్కన చేరింది.

“ఏవిట్రా, వెనకాల ఎవరో తరుముతున్నట్టు మాట్లాడుతున్నారు వాళ్ళు?”

“స్పీడు పెంచాను మామ్మా. తొందరగా అయిపోతుందని.”

“అదేం చూడ్డంరా? మేం పద్యం అయిపోతే ఒన్స్‌మోర్ అని అరిచేవాళ్ళం. నువ్వు తొందరగా పొమ్మంటున్నావు.”

అప్పుడు తెలిసింది, తాతయ్య గురించి నాకు తెలియని సంగతి. ఈ చుట్టుపక్కల తీర్థాలకి ‘హరిశ్చంద్ర’ నాటకం వేస్తే ఆయన సైకిల్ మీద మామ్మని కూర్చోబెట్టుకుని వెళ్ళేవారట. చాప, దుప్పటి, గిన్నెలో పులిహోర. రాత్రంతా నాటకం. కాటి సీను వచ్చేసరికి అర్ధరాత్రి ఎప్పుడో దాటేది. ఆయన ఎప్పుడూ వేషం కట్టలేదు. కానీ ఒన్స్‌మోర్ మొదట అరిచే గొంతు ఆయనదేనట. నటుడు నచ్చితే అదే పద్యం మూడుసార్లు పాడించేవారు. తెల్లారిపోతుందన్న బెంగ ఎవరికీ లేదు.

రెండో సినిమా అలా దొరికింది. ఎన్టీఆర్ హీరోగా కె.వి.రెడ్డి 1965లో తీసిన ‘సత్య హరిశ్చంద్ర’. ఆ రాత్రి ఫోన్‌ని బియ్యం డబ్బాకి ఆనించి, మామూలు స్పీడులో పెట్టాను. కథ తెలిసిందే. పాము కాటుకి చనిపోయిన లోహితాస్యుణ్ణి చంద్రమతి శ్మశానానికి తెస్తుంది. కాటికాపరిగా ఉన్న భర్త సుంకం కట్టమంటాడు. స్టేజీ మీదైతే ఇక్కడ బలిజేపల్లి లక్ష్మీకాంతం నాటకంలోకి జాషువా శ్మశాన పద్యాలు కూడా కలిపి పాడతారు. రాజైనా పేదైనా అక్కడ ఒకటేనన్న మాట మా మామ్మకి బడి చెప్పలేదు, ఆ పద్యాలు చెప్పాయి.

“చివరికి పిల్లాడు బతుకుతాడుగా మామ్మా, ఇది విషాదం ఎలా అవుతుంది?” అన్నాను, క్లాసులో అడగబోయే ప్రశ్న కాబట్టి.

“బతుకుతాడని అందరికీ తెలుసురా. అయినా ఏడ్చేవాళ్ళం. ఎవరింట్లో పోయినవాళ్ళు వాళ్ళకి గుర్తొచ్చేవారు.”

మర్నాడు హామ్లెట్ మళ్ళీ మొదటి నుంచి పెట్టాను. ఈసారి నాలుగు గంటలూ పూర్తిగా. మామ్మకి మధ్యమధ్యలో తెలుగులో చెబుతూ చూశాను. అందులోనూ శ్మశానం ఉంది. పుర్రె పట్టుకుని మాట్లాడే సీను అందరికీ తెలుసు. దాని వెనకే వచ్చేది బస్సులో నాకు అసలు ఎక్కలేదు. చనిపోయిన ఒఫీలియాని తెస్తారు. క్రతువు కొంచెంగా చేసి ముగించేస్తుంటే ఆమె అన్న లేయర్టిస్ పూజారిని నిలదీస్తాడు, ఇంతేనా, ఇంకేమీ లేదా అని.

“ఏవంటున్నాడు?” అంది మామ్మ.

చెప్పడానికి నోరు రాలేదు. కిందటేడు మూడోరోజు తాతయ్య అస్థికలు గౌతమిలో కలిపి, నాలుగోరోజు నేను బస్సెక్కేశాను. ఆఫీసులో రిలీజ్ ఉంది. పెద్దకార్యానికి పొద్దున్న వచ్చి రాత్రికి వెళ్ళిపోయాను. భోజనాల దగ్గర కూడా చెవిలో ఇయర్‌ఫోన్ ఉంది.

చివరికి చెప్పాను. సినిమా సంగతీ, నా సంగతీ.

మామ్మ తిట్టలేదు. “నీకు ఆఫీసు ఉందిగా నాన్నా” అంది. తిట్టినా బాగుండేది.

కాసేపాగి ఆవిడే తాతయ్య చివరి వారం గురించి మొదలుపెట్టింది. ఏం తిన్నారు, ఎవర్ని అడిగారు, రాత్రి ఏ పద్యం సగంలో ఆపేశారు. ఇదంతా ఏడాది క్రితమే చెప్పాల్సింది. వినడానికి నేను లేను.

ఆదివారం రాత్రి టికెట్ క్యాన్సిల్ చేసి, మేనేజర్‌కి రెండు రోజులు సెలవు కావాలని మెసేజ్ పెట్టాను. క్లాసుకి పేజీలు ఇంకా రాయలేదు. సోమవారం సాయంత్రం ఇద్దరం గౌతమి రేవుకి వెళ్ళాం. మెట్ల మీద కూర్చున్నాక, తాతయ్య సైకిల్ మీద తీర్థానికి తీసుకెళ్ళిన కథ మళ్ళీ మొదటి నుంచి చెప్పమన్నాను.

“నిన్ననే చెప్పానుగా?”

“ఒన్స్‌మోర్ మామ్మా.”

నవ్వి, కొంగు సర్దుకుని మొదలుపెట్టింది. చాప దగ్గర్నుంచి.