ఏరంటే నీళ్లు

1986 వానాకాలం. భద్రాచలం ప్రాంతంలోని ఒక ఆసుపత్రిలో నేను నర్సుగా చేరి ఏడాది కాలేదు. ఒక రాత్రి బస్తరు అడవుల్లోని భేజ్జి నుండి ఒక దొర్ల తల్లి, మలేరియాతో కాలిపోతున్న కొడుకును భుజాన వేసుకొని వచ్చింది.

రక్తపరీక్ష, క్వినైన్ కలిపిన సెలైన్, జ్వరం పట్టిక, అన్నీ సకాలంలో పూర్తిచేశాను. ఆమె మాత్రం నా చేయి పట్టుకొని, "ఏరు, ఏరు" అంటూనే ఉన్నది. శబరి పొంగును తలచుకొని బెదురుతున్నదనుకున్నాను.

"ఏరు దాటి వచ్చేశావు కదమ్మా, ఇంకా భయమెందుకు?" అని పక్క మంచం దగ్గరకు వెళ్లిపోయాను.

అరగంట తర్వాత వార్డు ఆయా చెంబుతో నీళ్లు తెచ్చి పిల్లవాడి చేత తాగించింది. ఆమె కోయ పిల్ల. "మా మాటలో ఏరంటే నీళ్లమ్మా" అన్నది మెల్లగా. ఆ గొంతులో నింద లేదు. అందుకే మరింత గుచ్చుకున్నది.

శిక్షణలో దీపం చేతబట్టి నైటింగేల్ ప్రతిజ్ఞ చేసినదాన్ని. జాతి, మత, హోదా భేదాలు చూపరాదని అంతర్జాతీయ నర్సుల మండలి 1953లోనే నియమం చేసిందని చదువుకున్నదాన్ని. ఆ రాత్రి నేను ఏ భేదమూ చూపలేదు, మందూ తప్పలేదు. కాని ఒక బిడ్డ దాహం నా చెవిన పడి కూడా మనసుకు చేరలేదు.

పిల్లవాడు కోలుకొన్నాడు. నేను ఆయా వద్ద కోయ మాటలు నేర్వసాగాను: ఆకలి, నొప్పి, చలి, భయం.

భేజ్జి నేడు ఛత్తీస్‌గఢ్‌లోని సుక్మా జిల్లాలో ఉన్నది. నేను ఉద్యోగ విరమణ చేశాను. వృత్తి విలువలంటే ఏమిటని కొత్తగా చేరిన నర్సులెవరైనా అడిగితే, ప్రతిజ్ఞ కంటె ముందు ఆ ఒక్క మాటకు అర్థం చెబుతాను.