నీడకు న్యాయము

వరంగల్లులో పగలు పాఠములు చెప్పి, రాత్రి స్నానపుగదిని చీకటిగదిగా మార్చి నలుపు తెలుపు ఫిల్మును కడుగుకొనుట నాకు చిరకాలపు వ్యసనము. ఇంటివారు నవ్వుదురు; అయినను సహింతురు.

మా అమ్మకు డెబ్బదవ యేట నా కుమార్తె అక్షరములు నేర్పెను. ఒకనాటి రాత్రి కరెంటు పోగా, లాంతరు వెలుతురున అమ్మ తన పేరు తాను మొదటిసారి వ్రాసికొనెను. నేను తొందరపడి ఛాయాచిత్రము తీసితిని. కెమెరాలోనిది హెచ్.పి.5 ఫిల్ము, దాని వేగము 400. దానిని 3200గా నెంచి తీసితిని. అనగా కావలసిన వెలుతురులో ఎనిమిదవ వంతే దానికి దక్కినది.

ఇట్టి కొరతను కప్పుటకై ఫిల్మును ఎక్కువసేపు కడుగుదురు. దీనినే పుష్ చేయుట యందురు. ఏ మందున కడుగవలెననునదియే ప్రశ్న. నా యొద్ద రోడినాల్ సీసా యుండెను. 1891లో జర్మనీయందు పుట్టిన ఆ మందు ఏండ్లతరబడి చెడదు. పగటి చిత్రములకు చక్కని పదునిచ్చును. కాని నీడలయందు ఫిల్ము వేగమును కొంత తగ్గించును, రేణువులను దాచదు. చేతనున్నది గదా యని దానినే వాడితిని. కాగితము, దీపము మెరసినవి. అమ్మ కన్నులుండవలసిన చోట నెగెటివు గాజువలె ఖాళీగా మిగిలినది.

తరువాత తెలిసికొంటిని. మైక్రోఫెన్ అను మందున ఫెనిడోను కలదు. అది నీడలకు కొంత అధికముగా న్యాయము చేయును. ఇల్ఫర్డ్ వారి పట్టికను బట్టి, 3200 వేగమునకు 20 డిగ్రీలయొద్ద మైక్రోఫెన్‌లో 16 నిమిషములు కడుగవలెను. మన వేసవిలో కుళాయినీరు 30 డిగ్రీలు దాటును గనుక, మందును మంచుగడ్డల నడుమ నుంచి చల్లార్చనిచో ఈ లెక్క తప్పును.

ఎంత మంచి మందైనను లేని వెలుతురును సృష్టింపజాలదు. ఎక్కువసేపు కడిగినకొలది వెలుగుపడిన చోటులే మరింత వెలుగును. నీడ నీడగనే యుండును. పరీక్షల ముందు మేము చెప్పు ప్రత్యేక పాఠములును ఇట్టివే: ముందువరుసవారికే లాభించును.

అమ్మను ఏడవ యేట బడి మాన్పించిరి. ఆ కొరతను డెబ్బదవ యేట ఏ మందు తీర్చగలదు? నేనైనను ఆ రాత్రి లాంతరును ఒక జానెడు దగ్గరకు జరుపనైతిని. ఇప్పుడామె లేదు. చిత్రమున వ్రేళ్లును, వంకర అక్షరములును మాత్రమే కలవు.

చదువరులారా, మీ యింట నీడలో కూర్చున్నవారెవరో నేడే చూచి, దీపమును ముందుగనే జరుపుడు.