లోడు మీద చూడాలి

కిందటి వర్షాకాలంలో మా పాత మారుతి 800కి ఎడమ ఇండికేటరు మసకబారింది. ఇండికేటరు వేయగానే డ్యాష్‌బోర్డు మీద ఆకుపచ్చ బాణం టకటకా కొట్టుకునేది. మామూలుగా నిమిషానికి 60 నుంచి 120 సార్లు వెలిగి ఆరాలి. ఇది లెక్కపెట్టడానికి కూడా అందేది కాదు. వెనక దీపం మాత్రం నీరసంగా వెలిగేది. బ్రేకు తొక్కి ఉంచి ఇండికేటరు వేస్తే ఇంకో చిత్రం. స్థిరంగా వెలగాల్సిన బ్రేకు దీపం కూడా దానితోపాటు మినుకుమనేది.

నేను ఇంటర్మీడియట్ పిల్లలకు ఫిజిక్స్ చెబుతాను. 22 ఏళ్లుగా ఓమ్ నియమం నా నోట్లో నానుతున్నదే. ఇది నేనే తేల్చుకోగలను అనుకున్నాను. ఒక ఆదివారం డిక్కీ తెరిచి, ఎడమవైపు బల్బులన్నీ ఊడదీశాను. అక్కడ బ్రేకు దీపానికీ ఇండికేటరుకీ ఎర్త్, అంటే కరెంటు బాడీలోకి తిరిగి వెళ్లే దారి, ఒకటే. మా ఆవిడ బ్రేకు తొక్కి పట్టుకుంది. వోల్టుమీటరు తీగలు రెండూ బ్రేకు హోల్డరులో పెట్టాను. 12.3 వోల్టులు. బ్యాటరీ దగ్గర ఎంత ఉందో ఇక్కడా దాదాపు అంతే. అంటే వైరింగ్ బాగున్నట్టే కదా? కొత్త బల్బులు వేశాను. మార్పు లేదు. ఇక మిగిలింది ఇండికేటరును వెలిగించి ఆర్పే ఫ్లాషర్ రిలే.

అది మార్పించడానికి విజయవాడ ఆటోనగర్‌లో ఒక చిన్న ఎలక్ట్రికల్ షాపుకి వెళ్లాను. అక్కడి కుర్రాడికి పాతికేళ్లు ఉంటాయేమో. ఇండికేటరు వేసి, బ్రేకు తొక్కమని, వెనక్కి వెళ్లి ఒక్కసారి చూశాడు. “ఎర్త్ రావట్లేదు సార్. ఓసారి విప్పుతాను” అన్నాడు.

“ఎర్త్ నేను చూశానయ్యా. 12 వోల్టులు చక్కగా వస్తోంది. నువ్వు ఫ్లాషర్ మార్చు.”

అతను నా చేతిలోని మీటరు వైపు చూశాడు. ఏమీ అనకుండా ఫ్లాషర్ మార్చాడు. బాణం అలాగే కొట్టుకుంది. కొత్త రిలేలో కూడా లోపమేనేమో అని పైకే అన్నాను. ఆ మాటకి అతని ముఖం చిన్నబోయింది. అది నాకు కనిపించింది. కనిపించినా బండెక్కి వచ్చేశాను.

వారం తర్వాత, చీకటి పడ్డాక, ఏలూరు రోడ్డు మీద ఎడమకి తిరుగుతున్నాను. పక్కనే కీచుమని బ్రేకు చప్పుడు. స్కూటరు మీద ఒకాయన, ముందు నిలబడిన చిన్నపిల్ల. “లైటెయ్యకుండా తిప్పేస్తారేంటండీ!” అన్నాడు. వేశాను. వేసినట్టు నాకు తెలుసు, అతనికి తెలియలేదు. ఆ పిల్ల స్కూటరు అద్దాన్ని గట్టిగా పట్టుకుని నా వైపే చూస్తోంది. ఆ రాత్రి నాకు సరిగ్గా నిద్ర పట్టలేదు.

మర్నాడు మళ్లీ అదే షాపుకి వెళ్లాను. “నువ్వు చెప్పిందే చూడు బాబూ” అన్నాను. అంతకంటే మంచి మాట ఆ క్షణాన దొరకలేదు. అతను మాత్రం దెప్పలేదు. బల్బులు హోల్డర్లలోనే ఉంచి, నన్ను బ్రేకు తొక్కి పట్టుకోమన్నాడు. నా మీటరే అడిగి తీసుకున్నాడు. ఒక తీగ దీపం ఎర్త్ మీద, రెండోది పక్కనే శుభ్రంగా ఉన్న బాడీ ఇనుము మీద పెట్టాడు. ఆ రెండూ ఒకటే కావాలి. తేడా సున్నాకి దగ్గరగా ఉండాలి. అద్దంలోంచి నాకు చూపించాడు. దాదాపు 5 వోల్టులు.

“ఖాళీ లైను మీద చూస్తే అంతా బానే ఉంటది సార్. లోడు మీద చూడాలి.”

లైటు తీస్తే కింద స్క్రూ. ఎప్పుడో సొట్ట తీయించి రంగు వేయించినప్పుడు ఆ రంగు మీదే బిగించేశారు. దాని చుట్టూ వాన నీరు చేరి తుప్పు పట్టింది. అతను ఉప్పు కాగితంతో మెరిసేదాకా గీకాడు, స్క్రూ బిగించాడు, పైన కాస్త పెట్రోలియం జెల్లీ రాశాడు. పావుగంట పని. బాణం నెమ్మదించింది.

ఇంటికి వస్తూ లెక్క వేసుకున్నాను. 21 వాట్ల బల్బు 12 వోల్టుల మీద 1.75 ఆంపియర్లు తీసుకుంటుంది. వేడెక్కిన ఫిలమెంటు నిరోధం 7 ఓముల దరిదాపు. దారిలో తుప్పు ఇంకో 7 ఓములు కలిపితే, వోల్టేజీలో పెద్ద భాగం ఆ తుప్పు దగ్గరే పోతుంది. అలా తిరుగు దారి ఇరుకైపోయిన కరెంటు పక్క బల్బు ఫిలమెంటు గుండా దారి వెతుక్కుంటుంది. అందుకే బ్రేకు దీపం కూడా మినుకుమంది. మొత్తం కరెంటు తగ్గేసరికి ఒక బల్బు పోయిందనుకుని ఫ్లాషర్ పరుగెత్తింది. మరి నా మీటరు? అది తీసుకునేది మైక్రోఆంపియర్లు. అంత కొద్ది కరెంటుకి 7 ఓముల తుప్పు ఉన్నా లేనట్టే. ఆదర్శ వోల్టుమీటరు నిరోధం అనంతమని ఏటా బోర్డు మీద రాసేవాణ్ణి నేనే. మీటరు తప్పు చెప్పలేదు. ఏ బరువూ మోపకుండా అడిగాను, అది అలాగే జవాబిచ్చింది.

అప్పటినుంచి నన్ను తొలుస్తున్నది కారు కాదు. ప్రతి పాఠం చివరా నేను “అర్థమైందా?” అని అడుగుతాను. 80 మంది “అర్థమైంది సార్” అంటారు. ఆ జవాబు విని డస్టరు అందుకుంటాను. ఇన్నేళ్లుగా నేను కొలుస్తున్నది ఏమిటి? మనం ఒకరినొకరు అడిగే కుశల ప్రశ్నల్లో ఎన్ని ఇలాంటివో! ఊళ్లో ఉన్న అమ్మకి ఫోన్ చేసి “బాగున్నావా?” అంటాం. “బానే ఉన్నాను నాన్నా” అంటుంది. అబద్ధం చెప్పాలని కాదు; ఆ ప్రశ్న ఆమె నుంచి ఏమీ కోరలేదు. అలాగని అందరి మీదా బరువు మోపి పరీక్షించే హక్కు మనకెక్కడిది? ఈ సందేహం నాకింకా తీరలేదు. “ఎర్త్ రావట్లేదు” అన్న ఆ కుర్రాడి జ్ఞానం మీద మాత్రం నేను ఏ లోడూ పెట్టి చూడలేదు. చేతిలో మీటరు లేదని చూసి, అతని మాటను కొట్టిపారేశాను.

మొన్న విద్యుత్ పాఠం అయ్యాక “అర్థమైందా?” అనబోయి ఆగాను. మూడు బ్యాటరీ సెల్స్, టార్చి బల్బు, కొంచెం తీగ, ఒక తుప్పు మేకు బల్ల మీద పెట్టి, చివరి బెంచీ అమ్మాయిని పిలిచాను. తుప్పు మీదుగా తీగ ఆనించింది. బల్బు వెలగలేదు. నా వైపు చూసింది. నాకు జవాబు తెలుసు, నోటిదాకా వచ్చింది. కుర్చీలో కూర్చున్నాను. ఆమె మేకును పైట అంచుతో తుడిచి చూసింది, తర్వాత గోటితో గీకడం మొదలుపెట్టింది.