అడుగున దళసరి, తలన పలుచన

వడ్రంగి చిత్రికలోంచి బ్లేడు ఊడదీసి పక్కనుంచి చూస్తే తప్ప ఈ తేడా కంటికి ఆనదు. పాత ఇంగ్లీషు చెక్క చిత్రికల బ్లేడు పదును కొన దగ్గర దళసరిగా ఉండి, తల వైపు పోయేకొద్దీ పలుచబడుతుంది. తరువాతి కాలపు లోహపు చిత్రికల బ్లేడు మాత్రం ఈ చివరి నుంచి ఆ చివరి దాకా ఒకే మందం. సాన పట్టిన అంచులు రెండూ కలపను ఒకేలా కోస్తాయి. కోసే చోట తేడా లేనప్పుడు మిగతా ఒళ్లు ఎలా ఉంటేనేం అనిపిస్తుంది. కానీ చిత్రిక బిగువూ దాని ముసలితనమూ ఆ ఒంటి తీరు మీదే ఆధారపడి ఉన్నాయి.

చెక్క చిత్రికలో బ్లేడును పట్టి ఉంచేది ఒక్క చెక్క చీల. చీల పైన లావు, కింద సన్నం; బ్లేడు దానికి సరిగ్గా తలకిందులు. తోస్తున్నప్పుడు కలప ఎదురుతిరిగి బ్లేడును పైకి నెడుతుంది. అది వెంట్రుకవాసి పైకి జరిగినా దాని దళసరి భాగం చీలకు ఎదురొచ్చి ఇరుక్కుంటుంది. వదులు చెయ్యబోయిన బలమే బిగించి పోతుంది. కలప ఎంత మొండికేస్తే పట్టు అంత గట్టిపడుతుంది. ఈ సంగతి ఎన్నిసార్లు తలచుకున్నా నాకు కొత్తగానే ఉంటుంది.

జపాను చిత్రికలో ఇదంతా తిరగబడుతుంది. అక్కడ బ్లేడు తల దగ్గర దళసరి, అంచు వైపు పలుచన. విడిగా చీల అక్కర్లేదు. దిమ్మెలో తొలిచిన గాళ్లలో బ్లేడే చీలగా దిగి కూర్చుంటుంది. సుత్తితో కొట్టి కిందికి దింపినకొద్దీ బిగుస్తుంది. ఇంగ్లీషు బ్లేడుకు బిగువు పనిలో పుడుతుంది, జపాను బ్లేడుకు పనికి ముందే. ఒకరు తోస్తారు, ఒకరు లాగుతారు. వాలు ఎటు ఉండాలన్న దాంట్లోనూ వాళ్లు ఎదురెదురే. చిత్రమేమంటే ఇద్దరూ మెత్తని ఇనుముకు కోసే వైపున మాత్రం గట్టి ఉక్కును కొలిమిలో కాచి అతికారు. ఉక్కు ఖరీదైన రోజుల్లో ఇంగ్లండులోని షెఫీల్డ్ కమ్మరికి అది పొదుపు కూడా.

ఇక అరుగుదల. అంచున 5 మిల్లీమీటర్లు, తల దగ్గర 3, పొడవు 200 మిల్లీమీటర్లు ఉన్న బ్లేడు ఒకటి ఉందనుకుందాం. సానరాయి మీద 10 మిల్లీమీటర్ల పొడవు కరిగేసరికి అంచు మందం పదోవంతు మిల్లీమీటరు తగ్గుతుంది. బ్లేడు 45 డిగ్రీల వాలులో పడుకుంటుంది కాబట్టి చిత్రిక నోరు 0.14 మిల్లీమీటర్ల మేర వెడల్పవుతుంది. వినడానికి ఇది ఒక లెక్కే కాదు. కానీ నునుపు పనికి ఆ నోరు 0.3 మిల్లీమీటర్లుగా అమర్చుకున్న వడ్రంగికి సగానికి సగం పెరిగినట్టు. నోరు బిగుతుగా ఉంటేనే కలప పీచు లేవకుండా అణిగి ఉంటుంది. పైగా చెక్క అడుగు కూడా అరుగుతుంది, దాన్ని చదును చేసినప్పుడల్లా నోరు ఇంకాస్త తెరుచుకుంటుంది. పదును కోసం పడిన శ్రమే పనితనాన్ని మొరటు చేస్తూ వస్తుంది. అందుకే పాత చిత్రికల నోటి ముందు గట్టి చెక్కతో వేసిన అతుకు తరచు కనిపిస్తుంది.

సమమందపు బ్లేడుకు ఈ దిగులు లేదు. ఎంత పొట్టిదైనా మందం మందమే, నోరు నోరే. ఎయిర్ పట్టణపు స్పియర్స్, లండన్‌లోని నోరిస్ వంటివారి లోహపు చిత్రికలకు అది అందుకే నప్పింది. 1913లో నోరిస్ పేటెంటు పొందిన, బ్లేడును జరిపే మర అమరికకూ అటువంటి బ్లేడే కావాలి. దళసరి మారుతూ ఉంటే జరిపినప్పుడల్లా పైనుంచి నొక్కే బిగింపు మారిపోతుంది. అమెరికాలో బెయిలీ, 1869లో అతని వ్యాపారాన్ని కొన్న స్టాన్లీ, ఇంకా పలుచని సమమందపు బ్లేడుతో లోకమంతా తిరిగారు. అయితే ఈ బ్లేడు తనంతట తాను బిగుసుకోదు. నిలకడ దానిలో ఉంది, పట్టు మాత్రం మరలోనో మీటలోనో ఉంది.

బ్లేడు మీద మరో ఇనుప పలకను అంచుకు బాగా దగ్గరగా బిగించడం 18వ శతాబ్దపు చివరి భాగానికి ఇంగ్లండులో అలవాటైంది. పీచును ఆ పలకే విరిచి అణచివేస్తుంది కనుక నోరు కాస్త తెరుచుకున్నా చిక్కులేదు. అంటే సమమందపు బ్లేడు తీర్చిన బాధలో చాలాభాగం అది రాకముందే తీరింది.

పద్యాన్ని చిత్రిక పట్టారని మనం అంటే, రాలిన పొట్టు పద్యానిదేననుకుంటాం. కలప మీద పట్టే చిత్రికలో రెండు వైపులా తరుగుతుంది. నన్నడిగితే, ఆ తరుగుదలను దాచకుండా ఒంటి మీద చూపే వాలు బ్లేడే నాకు ఇష్టం. పాతవాటిని చూడండి: తల సుత్తి దెబ్బలకు చదునై అంచులు విచ్చుకుని ఉంటుంది, దాని కిందనే షెఫీల్డ్ ముద్ర ఇంకా చదవగలిగేలా ఉంటుంది. అతికిన ఉక్కు అయిపోయిందంటే, ముద్ర ఎంత స్పష్టంగా ఉన్నా, మిగిలిన మెత్తని ఇనుముకు పదును నిలవదు.