తళుకు

మా మనవడి రేడియో కారు చక్రాలు వెండిలా మెరిసేవి. "మట్టిలో తోలకురా, పాడవుతాయి" అని రోజూ కేకలేసేవాణ్ణి. ఒకనాడు బురద వదలాలని నేనే వాటిని చాకలి సోడా నీళ్ళలో రాత్రంతా నానేశాను. తెల్లారి చూద్దును కదా, మెరుపంతా నీళ్ళపాలు!

ఇలాంటి చక్రాల తళుకు చాలావరకు అల్యూమినియం ఆవిరి పట్టించిన పొరేనట. మైక్రాను మందమైనా ఉండదు; సోడా దాన్ని తినేస్తుంది. సబ్బునీళ్ళు, మెత్తని గుడ్డ చాలు. ముందే రంగులేని వార్నిషు పల్చగా పూస్తే, మెరుపు రవంత తగ్గినా పొర నిలుస్తుంది.

కొత్త చక్రాలు కొని, అలాగే పూసి ఇచ్చాను. వాడు వాటిని అలమారులో పెట్టి, బోసిపోయిన పాతవే బిగించుకున్నాడు.

"వీటికైతే నువ్వు కోప్పడవుగా, తాతయ్యా!"

నాకు నోట మాట రాలేదు.