ఎంత చదివామో చెప్పే అంకె

మహబూబాబాద్‌లో రైలెక్కితే కాజీపేట మీదుగా జనగామ చేరేదాకా ఫోన్‌లో పోతన భాగవతం చదువుకుంటాను. భూపాలపల్లికైతే బస్సే. ఆ కుదుపుల్లో అక్షరం పెద్దది చేసుకోక తప్పదు. చేయగానే పేజీల లెక్కంతా మారిపోతుంది. ఈ చిక్కు వల్లే 2007లో వచ్చిన మొదటి కిండిల్ ఈ-రీడర్‌లో పేజీ నంబర్లకు బదులు ‘లొకేషన్’ అనే అంకె, శాతం పెట్టారు. అచ్చు పుస్తకం పేజీ నంబర్లు 2011లో గానీ రాలేదు.

పోతనది జనగామ జిల్లా బమ్మెర అంటారు కదా, ఆయన భాగవతానికి ఈ చిక్కే లేదు. గజేంద్ర మోక్షం ఎక్కడుంది? అష్టమ స్కంధంలో. ప్రహ్లాదుడి కథ సప్తమంలో. తాటాకైనా, అచ్చైనా, ఫోనైనా స్కంధమూ పద్యం ఎత్తుగడా చెబితే చాలు, ఎవరైనా తీసి చూపిస్తారు.

ఈ-రీడర్లలో మన వేగం చూసి అధ్యాయానికి ఇంకెన్ని నిమిషాలో చెప్పే సౌకర్యం మంచిదే. చిన్నగూడూరు దాశరథి రంగాచార్య గారి ‘చిల్లర దేవుళ్లు’ లాంటి నవలకు బాగా పనికొస్తుంది. పద్యం అలా కాదు. ఒక్క సీసం దగ్గర అరగంట ఆగిపోతాం, శాతం కదలదు. నాకు ఆ అరగంటే అసలు చదువు.

తెలుగు ఈ-పుస్తకాలు తయారుచేసే మిత్రులారా, స్కంధాలకూ ఘట్టాలకూ విషయసూచికలో లింకులు ఇవ్వండి. ఉత్త స్కాన్ పీడీఎఫ్‌లో అక్షరం పెంచితే పాదం సగం తెర బయటే ఉండిపోతోంది.